ఈసారి దారి పిల్లలది

మా ఇంట్లో కారు ప్రయాణాలకు గండి పడింది పెద్దమ్మాయి ఇంటర్లో చేరిన ఏడాది. పదో తరగతి పరీక్షలు అయ్యాయి, ఇక వేసవంతా మనదే అనుకుంటే, నెల తిరక్కుండానే కాలేజీ వాళ్లు బ్రిడ్జి కోర్సని పిలిచారు. ఆ తర్వాత జేఈఈ, ఎంసెట్. దసరాకి దొరికిన నాలుగు రోజులూ దానికి నిద్రపోవడానికే సరిపోయేవి. అక్క చదువు ఒక ఒడ్డుకు చేరేసరికి తమ్ముడు హైస్కూల్లో పెద్ద తరగతులకొచ్చాడు. మన ఇళ్లల్లో పిల్లల్ని వెంటేసుకుని హాయిగా తిరగగలిగే కాలం పదో తరగతితో దాదాపు అయిపోతుంది. అందుకే చిన్నపిల్లలున్న ఇంటికి ఎప్పుడు వెళ్లినా ఈ మాట చెబుతుంటాను: పెద్దయ్యాక వెళ్దాంలే అనుకోకండి, ఇప్పుడే తిరగండి.

పోయిన డిసెంబరులో అమ్మాయికి సెమిస్టరు పరీక్షలు అయిపోయాయి, అబ్బాయికి క్రిస్మస్ సెలవులిచ్చారు, మా ఇద్దరికీ లీవు దొరికింది. "నేను వస్తా గానీ, ప్లాన్ నాది" అంది అమ్మాయి. ఇంజనీరింగ్ రెండో ఏడు. తొమ్మిదో తరగతివాడు "బేలం గుహలు ఉంటేనే" అన్నాడు. సాయంత్రానికల్లా ఫ్యామిలీ గ్రూపులో మ్యాపు వచ్చింది: శ్రీశైలం, యాగంటి, బేలం, గండికోట, తిమ్మమ్మ మర్రిమాను, లేపాక్షి. ఇవన్నీ వాళ్ల చిన్నప్పుడు ఒక్కోసారిగా మేం తిప్పిన చోట్లే. "మళ్లీ అవేనా?" అన్నారు మావారు. "అప్పుడు మీరు చూపించారు నాన్నా, నాకు సగం గుర్తులేవు. ఇప్పుడు నేను చూస్తా" అంది.

మొదటి రోజు: నల్లమల దాటి శ్రీశైలానికి

డిక్కీ సర్దేటప్పుడే తేడా తెలిసింది. అమ్మాయికి తొమ్మిది నెలలప్పుడు మొదటిసారి దూరం వెళ్లినప్పుడు డిక్కీ నిండా దాని సామానే. డైపర్ల కట్టలు, సెరెలాక్ డబ్బా, వేడినీళ్ల ఫ్లాస్కులు రెండు, దోమతెర, ఎక్కడైనా దూలం కనిపిస్తే ఉయ్యాల కట్టడానికి ఓ పాత చీర. మా ఇద్దరి బట్టలు కాళ్ల దగ్గర సంచిలో ఉండేవి. ఈసారి తలా ఒక బ్యాగు వేసుకొచ్చి పడేశారు, సగం డిక్కీ ఖాళీగా ఉంది. మావారు రెండుసార్లు తెరిచి చూసి, "ఏదో మర్చిపోయినట్టున్నాం" అన్నారు.

బయలుదేరే వేళ కూడా మారింది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే బండి కదలాలి. నిద్రలో ఉన్నవాళ్లను అలాగే ఎత్తుకొచ్చి సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడితే, వాళ్లు కళ్లు తెరిచేసరికి మూడు గంటల దారి వెనక పడేది. పసిపిల్లలున్న ఏ తల్లిదండ్రులకైనా ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఇప్పుడు వాళ్లను ఎత్తుకొచ్చేదెవరు? ఏడున్నరకి అని అమ్మాయి నిర్ణయించింది, ఏడున్నరకే కదిలాం. "మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, పొద్దున ఆరుకి తీస్తారు. మనం మధ్యాహ్నానికే అడవి దాటేస్తాం, తొందరేం లేదు" అంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి నుంచి వెళ్లే దారి అది. జంతువులు దారి దాటే వేళ వాహనాలు తిరగకూడదని రాత్రిపూట ఆపేస్తారు. ఈ లెక్కలన్నీ ఒకప్పుడు మావారి బుర్రలో ఉండేవి.

ముందు సీటు అక్కది, వెనక నేనూ అబ్బాయీ. పెళ్లయినప్పటి నుంచి నేను కూర్చున్న సీటు అది. మ్యాపు చూడటం, నీళ్ల సీసా మూత తీసి ఇవ్వడం, ఎదుటి లారీ డిప్పర్ కొడితే చెప్పడం అన్నీ ఇప్పుడు అక్క పనులు. వెనక కూర్చుంటే దారి సగమే కనిపిస్తుందని, కానీ మనుషులు బాగా కనిపిస్తారని ఈ ప్రయాణంలోనే తెలిసింది. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు అమ్మాయి చెయ్యి తనకు తెలియకుండానే హ్యాండ్ బ్రేకు వైపు వెళ్తుంటుంది. మావారు ఓవర్‌టేక్ చేసేముందు ఓసారి దాని మొహం చూస్తారు. అది తలూపాకే బండి పక్కకి తీస్తారు.

సీట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అమ్మాయి పసిదిగా ఉన్నప్పుడు చైల్డ్ సీటు కొని బిగిస్తే చుట్టాలు నొచ్చుకున్నారు. "పసిదాన్ని అలా కట్టేశారేంటే, ఒళ్లో కూర్చోబెట్టుకోక" అని మా పెద్దత్త కన్నీళ్లు పెట్టుకుంది కూడా. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని రాశారు. సడన్ బ్రేకు పడితే ఒళ్లో ఉన్న బిడ్డను ఎంత బలమైన చేతులైనా పట్టి ఆపలేవు. ముందు సీట్లో ఒళ్లో ఉంటే ఎయిర్‌బ్యాగే బిడ్డ మీద పడుతుంది. చుట్టాలు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి, సీటు మాత్రం బిగించండి.

దోమలపెంట దాటి ఘాట్ మొదలయ్యేసరికి అలవాటు కొద్దీ ప్లాస్టిక్ కవరు తీసి చేతిలో పట్టుకున్నాను. అబ్బాయికి ఆరేడేళ్లప్పుడు ఈ మలుపుల్లో కవరు లేకుండా వెళ్లడం కుదిరేది కాదు. వాడు మొహం తెల్లబోయి మాట్లాడటం ఆపేస్తే, ఇంకో రెండు మలుపుల్లో బండి ఆపాలని లెక్క. లోపలి చెవి 'కదులుతున్నాం' అంటుంటే, ముందు సీటు వీపు వైపు చూస్తున్న కళ్లు 'లేదు' అంటుంటాయి. ఆ పేచీ వల్లే కడుపులో తిప్పుతుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య ఇది ఎక్కువ, తర్వాత చాలామందికి తగ్గిపోతుంది. రెండేళ్లలోపు పసివాళ్లకు దాదాపు ఉండదు. ఆ వయసు పిల్లలుంటే కిటికీలోంచి దూరంగా చూడమనండి, పుస్తకం, ఫోను ఇవ్వకండి, కడుపు నిండా తినిపించకండి. మావాడు ఈసారి మలుపులన్నిటా ఫోన్లో చెస్ ఆడుతూ కూర్చున్నాడు. నా చేతిలో కవరు చూసి, "అమ్మా, అది లోపల పెట్టెయ్" అన్నాడు.

డ్యామ్ దగ్గర ఆగాం. గేట్లన్నీ మూసి ఉన్నాయి, కింద రాళ్ల మధ్య కాస్త నీళ్లు. చిన్నప్పుడు వాడికి ఇక్కడ ఒకటే పని, గేట్లు లెక్కపెట్టడం. ఒకటి నుంచి పన్నెండు దాకా అరిచి, మళ్లీ పన్నెండు నుంచి వెనక్కి. ఇప్పుడు గేట్లు చూడనే లేదు. "ఎడమగట్టు పవర్‌హౌస్ ఎక్కడ? కనిపించదేం?" అన్నాడు. కొండ లోపల, భూగర్భంలో ఉందని అక్క చెప్పింది. 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900. కరెంటు మిగులుగా ఉన్నప్పుడు అవే యంత్రాలు తిరగబడి కింది నీళ్లను పైకి ఎత్తిపోస్తాయి. "అంటే బ్యాటరీ లాంటిది" అన్నాడు వాడు. "ఊఁ, నీళ్ల బ్యాటరీ" అంది అక్క. మావారు జలాశయం పూర్తిమట్టం 885 అడుగులని చెప్పబోయి, వాళ్లు అప్పటికే టర్బైన్ల గొడవలో పడిపోవడంతో, రెయిలింగ్‌కు చేరబడి వింటూ నిలబడ్డారు. ఆయన మొహంలో అంత సంతోషం నేను ఈమధ్య చూడలేదు.

రెండో రోజు: దోర్నాల, ఆత్మకూరు, యాగంటి

మల్లన్న దర్శనం తెల్లవారుజామునే అయింది. దోర్నాల దిగి, ఆత్మకూరు వైపు తిరిగాం. మళ్లీ అడవి, ఈసారి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. బండ్లు తక్కువ, దారి నీడగా ఉంది. రేడియో అందదు, ఫోన్లకు సిగ్నల్ ఉండదు.

సిగ్నల్ లేని ఇలాంటి దారులు టీనేజీ పిల్లలున్న ఇంటికి వరం. ఐదారేళ్ల వయసులో కారంతా మాటలే. "ఇంకెంత దూరం?", "ఆ ఆవుకి ఇల్లెక్కడ?", ఎర్ర లారీ నాది నీలం లారీ నీది అని పోట్లాట, అంత్యాక్షరి. గొంతు నొప్పి పుట్టేది. పన్నెండు పదమూడు వచ్చేసరికి ఒక్కసారిగా అంతా ఆగిపోతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కిటికీకి ఆన్చిన తల. ఏమడిగినా "ఏం లేదు". అమ్మాయి ఆ వయసులో ఉన్నప్పుడు చేసిన ఒక ప్రయాణంలో రెండు పూటలు అది మాతో పది మాటలు కూడా మాట్లాడలేదు. పిల్లకి మనమంటే ఇష్టం పోయిందేమోనని ఎవరికైనా గుబులు పుడుతుంది. పోదు. వాళ్లు వెనక సీట్లో తమ గదిలో ఉన్నట్టు ఉంటారు, అంతే. ఆ గది తలుపు తట్టకుండా, దాని పక్కన మనం ఉంటే చాలు. 'ఫోను పక్కన పెట్టు, బయట చూడు, ఎంత అందంగా ఉందో' అని గంటకోసారి అనే తల్లిదండ్రుల్ని చూస్తుంటాను. అలా అన్నకొద్దీ పిల్లలు ఇంకా లోపలికి ముడుచుకుంటారు.

ఎందుకంటే మాటలు వస్తే అక్కడే వస్తాయి. కారులో ఎవరూ ఎవరి మొహమూ చూడరు, అందరి కళ్లూ దారి మీదే. లేచి వెళ్లిపోవడానికి వీల్లేదు, అలాగని ఎవరూ నిలదీసినట్టూ ఉండదు. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర అడిగితే నోరు విప్పనివాళ్లు కారులో విప్పుతారు.

ఆ అడవి మధ్యలో, ఎవరూ ఏమీ అడగకుండానే, అమ్మాయి అద్దంలోంచి ముందుకు చూస్తూ, "నాన్నా, నాకు కంప్యూటర్స్ నచ్చట్లేదు" అంది. మావారు బండి వేగం తగ్గించలేదు, పెంచలేదు. "ఊఁ" అన్నారు. కాసేపాగి అదే చెప్పుకొచ్చింది. మార్కులు బానే వస్తున్నాయి, కానీ రోజంతా తెర ముందు కూర్చోవడం తన వల్ల కాదు. డిగ్రీ పూర్తి చేసి, తర్వాత నీటి యాజమాన్యమో పర్యావరణమో చదవాలని ఉంది. పక్కన అబ్బాయి ఇయర్‌ఫోను ఒకటి తీసేసి వింటున్నాడు. నేను వెనక నుంచి మాట్లాడలేదు. మావారు చాలా దూరం పోయాక, "ఆ కోర్సులు ఎక్కడెక్కడ ఉన్నాయో నీకు తెలుసా?" అని మాత్రం అడిగారు. తనకు తెలుసు. పేర్లన్నీ చెప్పింది. ఆత్మకూరు వచ్చేసరికి ప్రవేశ పరీక్షల సంగతి మాట్లాడుకుంటున్నారు. నిన్న డ్యామ్ దగ్గర తమ్ముడికి అంత వివరంగా ఎలా చెప్పగలిగిందో అప్పుడు అర్థమైంది.

నంద్యాల దాటాక స్టీరింగ్ మారింది. పద్దెనిమిది నిండిన వారంలోనే ఎల్‌ఎల్ఆర్ తీసుకుని, 30 రోజుల గడువు అయ్యాక టెస్టుకు వెళ్లి పాసైంది. ఊళ్లో బాగానే నడుపుతుంది, ఇంత దూరం ఇదే మొదలు. మావారు పక్క సీట్లోకి మారి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. మాకొక ఒప్పందం ఉంది: నడిపేవాళ్లకు పక్కవాళ్లు ఒక్కటే మాట చెప్పాలి, అదీ ప్రమాదం ఉంటేనే. బనగానపల్లె దాకా ఆయన ఒక్కసారే మాట్లాడారు, స్పీడ్ బ్రేకరు దగ్గర.

యాగంటిలో ఎక్కువసేపు లేము. కోనేటి నీళ్లు చల్లగా, అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. నంది చుట్టూ తిరిగి, అది ఏటా పెరుగుతుందని పూజారి చెబుతుంటే విని, అగస్త్యుడి గుహ మెట్లెక్కి దిగాం. రాత్రికి బనగానపల్లెలో బస. గది కూడా ఒకప్పటిలా ఒకటి కాదు, రెండు. అక్కాతమ్ముళ్లు ఒకదాంట్లో. గోడ అవతల నుంచి అర్ధరాత్రి దాకా వాళ్ల నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి.

మూడో రోజు: బేలం గుహలు, గండికోట

కొలిమిగుండ్ల దగ్గర బేలం. పైనుంచి చూస్తే చదునైన పొలం లాంటి నేలలో ఓ బావి, అందులోకి మెట్లు, అంతే. వాడికి ఆరేళ్లప్పుడు వచ్చాం. మొదటి మెట్ల వరసలోనే ఏడుపు మొదలుపెట్టాడు. మావారు ఎత్తుకుని సగం దూరం తీసుకెళ్లి, ఇక వెనక్కొచ్చేశారు. ఆ సగమేదో చూడాలని వాడికి ఇన్నేళ్లుగా లోపల ఉందన్నమాట.

ఈసారి టికెట్లు వాడే తీసుకున్నాడు, అందరికంటే ముందు దిగాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడని, ఆ తర్వాత వందేళ్ల దాకా పట్టించుకున్నవాళ్లు లేరని, 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందమొకటి వచ్చి కొలిచిందని చదువుకొచ్చాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని వెళ్లనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరు. సున్నపురాయిలోకి వాననీరు దిగేటప్పుడు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడు కలుపుకుని కాస్త పులుపెక్కుతుందని, ఆ నీరే లక్షల ఏళ్లు రాయిని కరిగిస్తే ఈ దారులు పడ్డాయని వాడు చెబుతుంటే, వెనక వస్తున్న ఇంకో కుటుంబం పిల్లలు కూడా మా గుంపులో కలిసిపోయారు.

లోపల ఉక్క. గొట్టాల ద్వారా గాలి పంపుతున్నా చొక్కాలు తడిసిపోతాయి. ఒక ఇరుకు దారి దగ్గర ఆగిపోయాను. ఆ చోటు నాకు బాగా గుర్తుంది. అప్పుడు అమ్మాయి పదకొండేళ్లది, తల వంచకుండా దూరిపోయింది. నేను నడుం వంచాను, మావారు పిల్లాణ్ని గుండెకి అదుముకుని దాదాపు కూర్చుని దాటారు. ఇప్పుడు నాకంటే జానెడు ఎత్తున్న కొడుకు నాకంటే ఎక్కువ వంగి దాటి, అవతలి నుంచి చెయ్యి చాచి, "తల చూస్కో అమ్మా, ఇక్కడ రాయి దిగి ఉంది" అన్నాడు. వాడి అరచెయ్యి నాదానికంటే వెడల్పుగా ఉంది, గరుకుగా కూడా. క్రికెట్ బ్యాటు పట్టిన చోట కాయలు కాశాయి. పాతాళగంగ దాకా వెళ్లాం, నేల మట్టానికి 150 అడుగుల లోతు. సన్నటి నీటిధార బండ సందులోకి వెళ్లి మాయమవుతోంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని, ఆ నీరు ఎటు పోతుందో చెప్పమని గైడును వదలకుండా అడిగాడు.

మధ్యాహ్నం జమ్మలమడుగు మీదుగా గండికోట. కోట గేటు దగ్గర బండి ఆపుతుంటే అక్కడున్న పెద్దాయన, "పాప తోల్తాందా బండి? బాగుండాది" అన్నాడు. అమ్మాయి మొహం వెలిగిపోయింది.

పెన్నా నది ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ వెళ్లే చోటు ఇది. ఒకపక్క నదీ లోయా కాపుకాస్తుంటే, మిగతా పక్కల ఎర్రటి ఇసుకరాతి గోడలు కాస్తాయి. పెమ్మసాని నాయకుల కోట. తర్వాత గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో ఆయన్ను కలవడానికి ఇక్కడిదాకా వచ్చాడు. మాధవరాయ స్వామి గుడి గోపురం, జామియా మసీదు మీనార్లు, ధాన్యాగారం అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. చిన్నప్పుడు ధాన్యాగారంలో నిలబడి ఇద్దరూ వాళ్ల పేర్లు తామే అరుచుకుని ప్రతిధ్వని విన్నారు. ఈసారి అమ్మాయి ఇంత ధాన్యం ఎన్నాళ్ల ముట్టడికి సరిపోతుందో గోడ పొడవు అడుగులతో కొలిచి లెక్క కట్టింది.

అసలు సంగతి లోయ అంచు దగ్గర. అక్కడ చాలాచోట్ల కంచె లేదు. బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, వాటి చివర నేరుగా కిందికి. పిల్లలు చిన్నగా ఉండగా ఒక్కొక్కరి మణికట్టు మాలో ఒక్కొక్కరం పట్టుకుని, అంచుకు చాలా ఇవతలే నిలబెట్టాం. ఒకరికి ఇద్దరు పిల్లల్ని అప్పగించి ఫోటో తీయడానికి కూడా ఒప్పుకోలేదు. ఇలాంటి చోట్లకు చిన్నపిల్లల్ని తెస్తే అలాగే ఉండాలి, మొహమాటపడకూడదు.

కానీ పంతొమ్మిదేళ్ల పిల్ల మణికట్టు ఎలా పట్టుకుంటాం? అది బండల మీద ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లి, అంచుకు రెండు గజాల ఇవతల చదునైన రాయి మీద కూర్చుంది. నేను వెనక నుంచి చున్నీ కొస పట్టుకున్నాను. అది వెనక్కి తిరగకుండానే, "అమ్మా, నువ్వు లాగితేనే పడతాను. వచ్చి పక్కన కూర్చో" అంది. వదిలేశాను. వదిలి, పక్కన కూర్చున్నాను. కింద పెన్నా ఆకుపచ్చగా, కదలనట్టు ఉంది. అబ్బాయి ఇంకాస్త ముందుకు పోబోతే అక్కే కేక వేసింది, "రేయ్, ఆ రాయి ఊగుతోంది, ఇవతలికి రా". నేను చెప్పాలనుకున్నదే, నాకంటే గట్టిగా. వాడు మారుమాట్లాడకుండా వచ్చేశాడు. నా మాటైతే ఇంకో రెండు నిమిషాలు వాదించేవాడు.

రాత్రి గుడారాల్లో. ఇది కూడా అక్క ఏర్పాటే. పిల్లలు చిన్నగా ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు, బాత్రూమ్ దగ్గర్లో లేని చోట రాత్రి గడపడం అప్పట్లో జరిగే పని కాదు. నడుం పట్టేసింది, చలి వేసింది. అయినా నాకు చాలా బాగుంది.

నాలుగో రోజు: సూర్యోదయం, మర్రిమాను

సూర్యోదయం చూద్దామని ఐదున్నరకే లేచాం. పిల్లల గుడారం జిప్పు తీసి పిలిస్తే, లోపల నుంచి "మీరెళ్లండమ్మా" అని ఒక గొంతు, రెండో గొంతు నుంచి ఆ మాత్రం కూడా లేదు. వెనకటికైతే దుప్పటి లాగి లేపేవాళ్లం, ఇంత దూరం వచ్చింది పడుకోవడానికా అని. ఈసారి జిప్పు మళ్లీ వేసేశాను. మావారూ నేనూ టార్చి వేసుకుని నడిచి వెళ్లాం. ఎదుటి గట్టు మీద ముందు ఎరుపు, తర్వాత పసుపు దిగుతుంటే ఇద్దరం మాట్లాడుకుంటూ కూర్చున్నాం. పిల్లల గురించి కాదు. ఆయన రిటైరయ్యాక ఊళ్లో ఇల్లు బాగుచేయించాలా వద్దా అని, నాకు వీణ మళ్లీ మొదలుపెట్టాలని ఉందని. కుటుంబ ప్రయాణంలో మాకిద్దరికీ విడిగా ఒక గంట దొరకడం పెళ్లయిన కొత్తలో తప్ప లేదు. పిల్లలు పెద్దవాళ్లవుతుంటే ఏదో చేజారిపోతోందని అందరూ అంటారు. ఇలాంటివి చేతికొస్తాయని కూడా చెప్పాలి కదా.

ముద్దనూరు, పులివెందుల మీదుగా కదిరి, అక్కడి నుంచి తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు ఐదెకరాలు కమ్ముకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఊడలు దిగి దిగి అవే మానులైపోయాయి. చిన్నప్పుడు ఇక్కడ దాగుడుమూతలాడితే వీళ్లను వెతికి పట్టుకోవడానికి ప్రాణాలు కడబట్టాయి. ఈసారి ఇద్దరూ నీడలో వెల్లకిలా పడుకుని గంటసేపు కదల్లేదు. నేనూ కునుకు తీశాను. సాయంత్రానికి లేపాక్షి చేరాం.

ఐదో రోజు: లేపాక్షి, తిరుగు ప్రయాణం

వీరభద్రాలయంలో ఉదయం జనం లేరు. వేలాడే స్తంభం కింద నుంచి అబ్బాయి నా చున్నీ దూర్చి ఇటు నుంచి అటు లాగాడు. దీన్ని ఆరేళ్ల పిల్లలూ చేస్తారు, అరవై ఏళ్లవాళ్లూ చేస్తారు, వాడు మాత్రం నేలకు చెంప ఆనించి, ఒక మూల రాయి నేలను తాకుతోందని కనిపెట్టి మరీ లేచాడు. అమ్మాయికి మండపం పైకప్పు బొమ్మలు పట్టుకున్నాయి. విజయనగర కాలపు రంగులు, ఆ చీరల అంచులు, కొప్పులు, కొసదేలిన కుళ్లాయిలు. మెడ నొప్పి పుట్టేదాకా చూసి, పుస్తకంలో గీసుకుంది. చిన్నప్పుడు గుళ్లో పావుగంట దాటితే బిక్కమొహం వేసే పిల్ల. ఊరి అంచున ఉన్న ఏకశిలా నంది 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. దాని ముందు ఫోటో దిగేటప్పుడు అబ్బాయి నన్ను భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. స్నేహితులు చూసే చోట ఇలాంటిది చెయ్యడు కాబట్టి ఆ ఫోటో ఫ్రేము కట్టిస్తాను.

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కాం. నాలుగు వరసల దారి మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. అమ్మాయికి మేం పెట్టిన హద్దు 80. అనంతపురం, గుత్తి దాటేదాకా అదే నడిపింది, ఎక్కడా ముల్లు 80 దాటలేదు. డోన్ దగ్గర నాకు స్టీరింగ్ ఇచ్చి వెనక్కి వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుంది. అప్పటి నుంచి వెనక గుసగుసలు. కర్నూలు దగ్గర బండి ఆపి టీ తాగుతుంటే బయటపెట్టారు. వేసవిలో హంపి వెళ్తారట. ఇద్దరూ, వాళ్ల పెద్దమ్మ కొడుకు, కోడలు. మేం లేకుండా.

మావారు నా వైపు చూశారు. నేను చదువులు, ఎండలు అని ఏదో అనబోయి, ఆ పెద్దమ్మ కొడుకు పదేళ్లుగా బండి నడుపుతున్న జాగ్రత్తపరుడని గుర్తుచేసుకున్నాను. సరేనన్నాను, షరతులతో. చీకటి పడ్డాక హైవే ఎక్కకూడదు. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. మూడు గంటలకోసారి డ్రైవరు మారాలి. లైవ్ లొకేషన్ పెట్టాలి. అమ్మాయి ఒక్కొక్కటీ ఫ్యామిలీ గ్రూపులో టైపు చేసింది. అబ్బాయి తన ఫోను తీసి కింద ఇంకో షరతు చేర్చాడు: అమ్మ గంటకోసారి ఫోను చెయ్యకూడదు. రెండు గంటల దగ్గర బేరం కుదిరింది.